తువ్వాలు వేసిన పరుపు

శుక్రవారం ఇల్లు కడిగిన మాబున్ని పరుపును కూడా ఎండలో వేసి దులిపింది. తిరిగి మంచం మీద పరిచేటప్పుడు తలవైపు కాళ్ళవైపుకు వచ్చేట్టు తిప్పి వేసింది. గొడవకు అంతకన్నా పెద్ద కారణం ఏమీ లేదు.

మరునాడు పొద్దున, కలమల్ల కరెంటు ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీ దిగి ప్రొద్దుటూరు చేరిన దస్తగిరి దాని మీద వాలాడు. అటు దొర్లాడు, ఇటు దొర్లాడు, లేచి కూర్చున్నాడు.

"మేయ్, నా గుంత యాడికి పోయింది?"

"యాడికీ పోలేదు. ఇప్పుడు నా పక్కకు వచ్చింది. నాది నీ పక్కకు వచ్చింది."

ఆ పరుపులో రెండు గుంతలు ఉండేవి. దస్తగిరిది పెద్దది, మాబున్నిది చిన్నది. మధ్యలో పొలం గట్టు లాంటి ఎత్తు. పెళ్ళైన కొత్తలో ఆ గట్టు లేదు. ఏళ్ళు గడిచేకొద్దీ దూది నడుముల కింద నుంచి తప్పుకొని నడిమికి చేరి, గడ్డకట్టి, గట్టయి కూర్చుంది. మాబున్ని గుంతలో దస్తగిరి పడుకుంటే మోకాళ్ళు పైకి లేస్తాయి. దస్తగిరి గుంతలో మాబున్ని పడుకుంటే మనిషి కనిపించదు. నా గుంత నాకు తిరిగి ఇప్పించు అని ఆయన, ఈ పక్క కిటికీ గాలి నాకూ కావాలని ఆమె, గట్టును ముందు జరిపింది నువ్వంటే నువ్వని ఇద్దరూ, సరిహద్దు తగాదా మాదిరిగా పొద్దెక్కేదాకా వాదించుకున్నారు. చివరికి దస్తగిరి చాప తీసుకొని నేల మీద పడుకున్నాడు. పడుకొని, గోడవైపు తిరిగి, అసలు సంగతి చెప్పాడు.

బొగ్గు బెల్టు పక్కన నిలబడే కునుకు తీశాడట. సూపర్‌వైజరు చూశాడట. చూడటం అది రెండోసారట. ఇంకొక్కసారి కన్ను మూతపడితే ఇంటికి పోయి హాయిగా పండుకో, పనికి రాబాకు అన్నాడట.

మాబున్ని చేతిలోని చీపురు కింద పెట్టింది. నవ్వులాటగా ఉన్న పరుపు ఒక్కసారిగా నవ్వులాట కాకుండా పోయింది. మొగుడి పని నిలబడాలంటే ఆయన పగలు నిద్రపోవాలి. నిద్రపోవాలంటే పరుపు మారాలి. అయితే పరుపు మార్చడం ఆ ఇంట్లో తేలిక కాదు. అది పరుపుల బాషా ఇల్లు.

ఆమె మామ అమీర్ బాషా దూది ఏకి పరుపులు కుట్టిన మనిషి. ప్రొద్దుటూరులోనే కాదు, జమ్మలమడుగులోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ ఆయన కుట్టిన పరుపు లేకుండా పెళ్ళి జరిగేది కాదని ఆయనే చెప్పుకుంటాడు, ఎవరూ కాదనరు. ఫోము పరుపుల దుకాణాలు వచ్చాక గిరాకీ పడిపోయి దూది ఏకే మిషను అమ్మేశాడు. మిషను పోయింది కానీ దబ్బనం పోలేదు. పరుపులు కుట్టే ఆ పొడుగాటి సూదిని ఇప్పటికీ చొక్కా జేబులో పెన్ను పెట్టుకున్నట్టు పెట్టుకొని తిరుగుతాడు. ఆ రెండు గుంతల పరుపు కొడుకు పెళ్ళికి ఆయన స్వయంగా కుట్టిందే.

మాబున్ని డిగ్రీ చదివింది. ఏదైనా కొనేముందు నాలుగు విధాలుగా చూడనిదే ఊరుకోదు. పొద్దుటి నుంచి ఫోనులో వెతికి, వాడిన పరుపులు అమ్ముతున్న వాళ్ళను రెండు చోట్ల పట్టుకుంది, ఒకరిని జమ్మలమడుగులో, ఒకరిని పులివెందులలో. కొత్తది కొంటే దుకాణం బండి వీధిలో ఆగి, ప్లాస్టిక్ కవరు మెరుస్తూ పరుపు దిగుతుంది. పరుపుల బాషా ఇంటికి షోరూము పరుపు వచ్చిందని ఊరంతా చెప్పుకుంటుంది. వాడినదైతే దుప్పటి కప్పి గమ్మున తెచ్చుకోవచ్చు.

ఈ మాట చెవిన పడగానే అమీర్ బాషా అన్నం మానేస్తానన్నాడు. ఫోము ఒకటి, అందులోనూ ఎవరో పండుకున్నది ఒకటి, తన ఇంట్లోకి రానిచ్చేది లేదన్నాడు. అప్పుడు అత్త జానీబీ, పొయ్యి ముందు నుంచి లేవకుండానే, చాలా మెత్తగా చెప్పింది.

"పోయి నువ్వే చూడు. పరుపుల సంగతి నీకు తెలిసినంత ఎవురికి తెలుసు? బాగలేదని నువ్వు చెప్తే ఎవురూ కొనరు."

ఆ మాట ఆయనకు నచ్చింది. పోయి, చూసి, రెండింటినీ ఫెయిలు చేసి వద్దామనే ఉద్దేశంతో మరునాడు భుజం మీద ఉతికిన తువ్వాలు వేసుకొని కోడలి వెంట బయలుదేరాడు.

బస్టాండులో బస్సు పూర్తిగా ఆగకముందే ఆయన తువ్వాలు కిటికీలోంచి లోపలికి ఎగిరింది. ఆయన తువ్వాలు వేసే తీరు చూడవలసిందే, రెండు సీట్లూ కమ్ముకునేట్టు విప్పారి పడుతుంది. వీళ్ళు నిదానంగా ఎక్కేసరికి, ముందే ఎక్కిన ఒక పడుచువాడు ఆ సీటు పక్కనే కమ్మీ పట్టుకొని నిలబడి ఉన్నాడు. తువ్వాలు పడిన సీటులో కూర్చోవాలనే ఆలోచన వాడికి రానే లేదు. అమీర్ బాషా తువ్వాలు తీసి, దులిపి, కోడలికి కిటికీ పక్కన చోటిచ్చాడు.

జమ్మలమడుగులో పరుపు అమ్మేది చాంద్‌బీ అనే పెద్దామె. మేడ మీద అద్దెకున్నవాళ్ళు ఖాళీ చేసిపోతూ వదిలేసిన పరుపట. పైన పూల గలీబు, చూడటానికి పెళ్ళికూతురిలా ఉంది. మాబున్ని ముందు ముక్కు దగ్గర పెట్టుకొని వాసన చూసింది. పైపైన అత్తరు, అత్తరు కింద ముక్కిన వాసన. సందేహం వచ్చి తలలోని పక్కపిన్ను తీసి అంచు కుట్టు మడతలోంచి నెమ్మదిగా లాగింది. పిన్ను వెంట ఒక నల్లి, పగటి వెలుగుకు చిరాకు పడుతున్నట్టు, తాపీగా బయటికి నడిచి వచ్చింది. దాని వెనుక దాని బంధువులు.

అమీర్ బాషా ముఖం వెలిగిపోయింది. ఆ సంబరంలో, ఎవరూ అడక్కుండానే, జేబులోంచి దబ్బనం తీసి ఒక మూల కుట్టు పర్రున విప్పేశాడు. లోపల ఫోము ఒక్క ముక్క కాదు. పచ్చ, గులాబీ, పసుపు రంగుల తునకలు జిగురుతో అతికించి ఉన్నాయి. చూడమ్మా, చూడు, అని చాంద్‌బీకే చూపించాడు, ఆమె పరుపును ఆమె ముందే తిట్టాడు. ఆ తర్వాత విప్పిన మూలను ఎంత అందంగా కుట్టాడంటే, ఆమె కోపం మరిచిపోయి, చిరిగిన దిండు ఒకటి తెచ్చి చేతిలో పెట్టింది. దిండు అయ్యాక ఇంకో దిండు. మాబున్ని బస్సు టైము చూసుకుంటూ కూర్చుంది.

దిండ్లు ఇస్తూ ఇస్తూ చాంద్‌బీ ఆయన్ను పోల్చుకుంది. తన పెళ్ళి పరుపు కుట్టింది ఆయనేనని చేయి పట్టుకొని లోపలికి తీసుకుపోయి చూపించింది. మంచం మీద ఆ దూది పరుపు నిన్న కుట్టినట్టే ఉంది. అమీర్ బాషా దాని మీద కూర్చొని, అరచేత్తో తట్టి, కోడలి వైపు గర్వంగా చూశాడు. చూసినావా నా పని అన్నట్టు.

"ప్రతి ఎండాకాలం నూరుల్లా మిషను కాడికి పంపి ఏకిస్తాండానప్పా," అంది చాంద్‌బీ. "ఏకకపోతే ఎవురు కుట్టిన పరుపైనా గడ్డలు కట్టదా ఏంది?"

ఆయన తట్టడం ఆపాడు. మాబున్నికి ఇంట్లో పరుపు గుర్తుకొచ్చింది. మిషను అమ్మినప్పటి నుంచి దాని కుట్టు ఎవరూ విప్పలేదు. ఒకరి మిషను దగ్గరికి దూది మూట మోసుకుపోయి వరసలో నిలబడటం ఆయనకు చేతకాలేదు. ఒక్క కొడుకు పరుపేనా, ఆయన పడుకునే పరుపూ అంతే కదా. బయటికి వచ్చాక ఆమె చేయి చాపింది.

"మామా, ఆ దబ్బనం ఇట్లియ్యి."

"ఎందుకు?"

"పులివెందుల వాళ్ళు మనకు తెలిసినోళ్ళు కాదు. కుట్లు విప్పితే తంతారు."

ఆయన కాసేపు గొణిగి ఇచ్చాడు. ఆమె దాన్ని గుడ్డలో చుట్టి సంచి అడుగున దాచింది.

ముద్దనూరు మీదుగా పులివెందుల చేరేసరికి మధ్యాహ్నం కావొచ్చింది. మేడ మీద ఇంట్లో సింధూ అనే అమ్మాయి, ఆమె భర్త శరత్ ఉన్నారు. ఆయనకు బదిలీ అయింది. ఇల్లంతా అట్టపెట్టెలు, చుట్టిన చాపలు, గోడకు మేకుల గుర్తులు. గది నడుమ మంచం మీద పరుపు ఒక్కటే ఏ తొందరా లేకుండా ఉంది. లావుగా, తెల్లగా, కింద స్ప్రింగులు, పైన ఫోము.

మాబున్ని తన పని మొదలుపెట్టింది. వాసన చూసింది, సబ్బు వాసన తప్ప మరేమీ లేదు. అంచు మడతలన్నీ పక్కపిన్నుతో తడిమింది, ఎవరూ బయటికి రాలేదు. సింధూ చేయి వేస్తే ఇద్దరూ కలిసి తిరగేశారు, అడుగున మరకలు లేవు, చెమ్మ లేదు. ఆ మూల నుంచి ఈ మూలకు దారం లాగి పట్టి, వంగి, దారానికీ పరుపుకూ మధ్య సందు ఎంత ఉందో చూసింది. మధ్యలో వేలు కూడా దూరలేదు. మోకాలితో నొక్కి వదిలితే గుంత పడకుండా లేచింది, స్ప్రింగు కిర్రనలేదు. ఇక మిగిలింది అసలు ప్రశ్న. ఇంత బాగుంటే ఎందుకు అమ్ముతున్నారు?

సింధూ నవ్వింది. పోయే ఇంట్లో మెట్లు సన్నగా ఉండి మలుపు తిరుగుతాయట, ఇది మడత పడదట. శరత్ ముందే పోయి మెట్లు కొలుచుకొచ్చాడట. దీన్ని తీసుకుపోవాలంటే ఇల్లు మార్చాలి, ఇల్లు మార్చడం కంటే పరుపు అమ్మడమే నయమనుకున్నారట.

మాబున్నికి తప్పు ఒక్కటీ దొరకలేదు. మామ వైపు తిరిగింది. ఆయన చేయి అలవాటుగా జేబులోకి పోయి, ఖాళీగా బయటికి వచ్చింది.

"సూది లేకుండా నేనేం చూడాల?"

"పండుకొని చూడు మామా."

ఆయన పరుపు చుట్టూ ఒకసారి తిరిగాడు. పరాయివాళ్ళ తల ఆనిన చోట తన తల పెట్టడు కాబట్టి, భుజం మీది తువ్వాలు తీసి, దులిపి, తల వచ్చే చోట చక్కగా పరిచాడు. చెప్పులు విడిచి ఎక్కి, చేతులు రొమ్ము మీద పెట్టుకొని, చెక్కలా బిగుసుకొని పడుకున్నాడు. పైకప్పు చూస్తూ తప్పులు చెప్పడం మొదలుపెట్టాడు. ఇది మరీ మెత్తన. దూది వాసనే లేదు, వాసన లేనిది పరుపెట్లయితాది. ఎండాకాలం ఒళ్ళు మండుతాది. నడుము కాడ పట్టు లేదు. పట్టు ఉండాది కానీ ఉండాల్సిన చోట లేదు. ఇగో, ఈ కుడిపక్క మూల...

మూల సంగతి బయటికి రాలేదు.

మాబున్ని, సింధూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. బిగుసుకున్న చేతులు రెండూ మెల్లగా జారి పక్కకు వాలాయి. నోరు కొంచెం తెరుచుకుంది. ఆ తర్వాత మొదలైంది గురక, మొదట మొహమాటంగా, ఆ తర్వాత లారీ ఘాట్ రోడ్డు ఎక్కినట్టుగా.

సింధూ కొంగు నోట్లో కుక్కుకుంది. వంటింట్లో కుక్కరు విజిలు వేయబోతుంటే పరుగున పోయి పొయ్యి ఆపేసింది. పెట్టెలకు టేపు లాగుతున్న శరత్, ఆ కర్రుమనే చప్పుడుకు ఇద్దరు ఆడవాళ్ళూ ఒకేసారి చేతులు ఊపేసరికి, టేపు పళ్ళతో పట్టుకొని అట్లే నిలబడిపోయాడు. అది చూసి మాబున్నికి నవ్వు ఆగలేదు. వరండాలోకి పోయి గోడ పట్టుకొని నవ్వింది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంటుంటే ఒక సంగతి తట్టింది. కోడలుగా వచ్చిన ఇన్నేళ్ళలో మామ గురక వినడం ఇదే మొదలు. తను ఎంత తెల్లవారుజామున లేచినా ఆయన అప్పటికే అరుగు మీద కూర్చొని ఉంటాడు. పెద్దవాళ్ళు పెందలకడనే లేస్తారులే అనుకుందే తప్ప, అసలు పడుకున్నాడా అని ఎప్పుడూ అడగలేదు.

అంతలో మెట్ల మీద చప్పుడు. వేంపల్లె నుంచి మరో జంట పరుపు చూడటానికి వచ్చింది. ముందు ఖమ్రున్నీసా అనే లావుపాటి ఆమె, వెనక సంచి పట్టుకొని ఆమె భర్త. గదిలోకి తొంగి చూసి ఆమె గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఇదేంది, పరుపుతో పాటు ముసలాయన్ని గూడా ఇస్తాండారా?"

ఆయన కూడా పరుపు చూడటానికి వచ్చినవాడేనని సింధూ గుసగుసగా చెప్పింది. ఖమ్రున్నీసా దగ్గరికి వచ్చి, పరుపును కాదు, అమీర్ బాషాను పరీక్షగా చూసింది. నుదురు చూసింది, ఊపిరి చూసింది. ఆమె గొంతు వీధి చివరికి వినిపించేంత గొంతు, అయినా ఆయన కనురెప్ప కదలలేదు. భర్తకు రాత్రంతా అటూ ఇటూ మసలడమే సరిపోతుందట, దాంతో తనకూ నిద్ర లేదట. ఇంత రచ్చలో పరాయి ఇంట్లో ఒక మనిషి ఇట్ల నిద్రపోతాండాడంటే ఇంకా వాసన చూసేదేముంది, దారం లాగేదేముంది అంది. భర్త డబ్బు కోసం సంచిలో చేయి పెట్టాడు.

సింధూ ఇబ్బందిగా మాబున్ని వైపు చూసింది. ఇంకా ఎవరికీ మాట ఇవ్వలేదు కదా. లేపితే మామ లేచి, వచ్చిన పని గుర్తు తెచ్చుకొని, వద్దనేస్తాడు. లేపకపోతే పరుపు వేంపల్లె పోతుంది. దస్తగిరి నేల మీద చాపకు, చాప మీంచి బొగ్గు బెల్టు దగ్గరి కునుక్కు పోతాడు. మాబున్ని మామ వైపు చూసింది. ఆయన తల కింద చుక్కల తువ్వాలు, నలుమూలలా విప్పారి ఉంది.

"అక్కా," అంది మాబున్ని, "టవాల చూసినావా?"

ఖమ్రున్నీసా చూసింది.

"మా మామ టవాల వేసి శానాసేపయింది."

ఖమ్రున్నీసా జీవితమంతా వేంపల్లె బస్టాండులో బస్సులెక్కిన మనిషి. తువ్వాలు పడిన చోటు మీద మాట్లాడటానికి ఏమీ ఉండదని ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. విసురుగా భర్త వైపు తిరిగింది.

"ముందు బస్సుకే పోదామంటి. టీ తాగి పోదామంటివి. తాగినావు కదా."

ఆయన సంచిలోంచి చేయి తీశాడు. పోతూ పోతూ పరుపు అంచును ఒకసారి నిమిరి పోయాడు. సింధూ వాళ్ళ చేతిలో రెండు అరటిపండ్లు పెట్టి సాగనంపింది. ఆ వెంటనే మాబున్ని బయానా ఇచ్చేసింది.

కిటికీలోంచి మంచం మీద పడిన ఎండ గోడ ఎక్కి తలుపు దాకా పోయాక అమీర్ బాషా కళ్ళు తెరిచాడు.

"...మూల కొంచెం గట్టిగా ఉండాది," అన్నాడు.

ఎవరూ నవ్వలేదు. నవ్వకుండా ఉండటానికి శరత్ పెట్టె వెనక్కి పోయాడు. మాబున్ని జరిగిందంతా చెప్పింది, వేంపల్లె వాళ్ళు రావడం, తిరిగి పోవడం. తనను అడక్కుండా ఎట్ల కొంటావని మామ లేచి కూర్చున్నాడు.

"నేనేం కొనలేదు మామా. నువ్వే టవాల వేసినావు. అది చూసే వాళ్ళు ఎనక్కి పోయినారు. ఇప్పుడు కాదంటే ఏమనుకుంటారు?"

ఆయన తువ్వాలు చేతిలోకి తీసుకొని అటూ ఇటూ తిప్పి చూశాడు. తనదే. జీవితంలో ఏ బస్సులోనూ తువ్వాలు వేసి సీటు వదులుకున్న మనిషి కాడు. భుజాన వేసుకొని చెప్పుల కోసం వెతికాడు.

లింగాల నుంచి ప్రొద్దుటూరు మార్కెట్టుకు అరటి గెలలు తీసుకుపోతున్న లగేజీ ఆటో దొరికింది. గెలల మీద దుప్పటి, దుప్పటి మీద పరుపు, దాన్ని పట్టుకొని కూర్చోవడానికి ఎవరూ అక్కర్లేదని డ్రైవరు అన్నా వినకుండా అమీర్ బాషా పైనే కూర్చున్నాడు. గుంతల రోడ్డు మీద ఆటో ఎగిరినప్పుడల్లా ఆయనా ఎగిరాడు, స్ప్రింగులు ఇంకో రెండుసార్లు అదనంగా ఎగరేశాయి. ముందు సీట్లోంచి మాబున్ని అద్దంలో చూస్తే, ఆయన చిన్నపిల్లవాడిలా కాళ్ళు ఊపుతూ కనిపించాడు. దుప్పటి కప్పి గమ్మున తెద్దామనుకున్న పరుపు, పైన పరుపుల బాషాతో, వీధి ఈ చివర నుంచి ఆ చివరి దాకా ఊరేగింది. ఇదేందప్పా, నీ ఇంటికి ఫోము పరుపా అని అడిగిన వాళ్ళందరికీ ఆయన ఒకటే చెప్పాడు.

"పరీక్షకు తెచ్చినా."

దస్తగిరి డ్యూటీకి పోయేముందు, దీపాలు పెట్టే వేళకు అందరూ అన్నానికి కూర్చున్నారు. జానీబీ వేడి వేడి సంగటి ముద్దలు పెట్టి, నడుమ గుంత చేసి నెయ్యి పోసింది. గుంత చూసి మాబున్నికి నవ్వొచ్చి తల దించుకుంది. దస్తగిరి కళ్ళు మాత్రం లోపలి గదిలో గోడకు ఆనించిన కొత్త పరుపు మీదే ఉన్నాయి. అమీర్ బాషా రెండు ముద్దలు తిన్నాక చేయి ఆపాడు.

"ఒక మాట చెప్తాండా, వినండి. ఆ పరుపు పరీక్ష ఇంకా అయిపోలేదు. రాత్రిళ్ళు నేను పండుకొని చూస్తా. పగలు వీడు చూస్తాడు. ఫ్యాక్టరీకి షిఫ్టులున్నప్పుడు పరుపుకు ఎందుకుండకూడదు?"

దస్తగిరి ముఖం తేటపడింది. జానీబీ మాత్రం ఊరుకోలేదు.

"ఎన్నాళ్ళు నీ పరీక్ష?"

"పరుపంటే ఏమనుకున్నావు? కనీసం రెండు ఎండాకాలాలు చూడాల."

మాబున్ని సంగటి కలుపుతూ ఆగింది. ఈ లెక్కలో తన నడుము ఎక్కడా రాలేదు. అడగాలా వద్దా అనుకుంటుండగా మామ ఎడమ చేయి ఆమె వైపు చాచాడు.

"ఆ పాత పరుపు రేపు విప్పుతా. మూట కట్టి నూరుల్లా మిషను కాడికి నేనే తీసుకపోతా. వరసలో నిలబడాలంటే నిలబడతా. ఏకేది వాడైనా, కుట్టేది మాత్రం నేనే. నీకు ఒక్క గుంత గూడా లేకుండా కుట్టి ఇస్తా పాపా. నా దబ్బనం ఇయ్యి."

మాబున్ని లేచి సంచి అడుగున ఉన్న గుడ్డ విప్పి తెచ్చి ఇచ్చింది. వస్తూ లోపలి గదిలోకి చూసింది. గోడకు నిలబెట్టిన పరుపు మీద, తల వచ్చే చోట, చుక్కల తువ్వాలు అప్పుడే వేలాడుతూ ఉంది.